తిట్టును తర్జుమా చేయకండి: ట్రాన్స్‌జెండర్ వార్తలు రాసే డెస్క్ వాళ్లకు

2014లో ఒక రాత్రి నా టేబుల్ మీదికి ఒక అమెరికా వార్త వచ్చింది. పోర్న్ రంగంలోని ట్రాన్స్‌జెండర్ నటులకు ఇచ్చే ‘ట్రానీ అవార్డ్స్’ పేరును ‘ట్రాన్స్‌జెండర్ ఎరోటికా అవార్డ్స్’గా మార్చారట. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో ‘ట్రాన్స్‌జెండర్’ పట్టలేదు. ‘కొజ్జా’ పట్టింది. అదే పెట్టి పేజీ వదిలేశాను.

పొద్దున వరంగల్ నుంచి ఒక ట్రాన్స్ మహిళ ఫోన్. “అన్నా, మా అమ్మ మీ పేపరే చదువుతది. నా గురించి ఇంకా ఆమెకు పూర్తిగా చెప్పలే. ఇయ్యాల ఆ మాట చదివి నా దిక్కు చూసింది.”

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందు వివాదం ఏమిటో తెలుసుకోండి. ‘షీమేల్’, ‘ట్రానీ’ లాంటివి వీడియో అమ్మేవాళ్లు కొనేవాళ్ల కోసం ట్రాన్స్ మహిళలకు అంటించిన చీటీలు. అక్కడి మీడియాకు సూచనలిచ్చే గ్లాడ్ సంస్థ వీటిని కించపరిచే మాటలనే అంటుంది. కానీ నటులందరిదీ ఒకే మాట కాదు. జనం వెతికేది ఆ పదంతోనే, తీసేస్తే మా సంపాదన పోతుందని కొందరి భయం. కెమెరా ఆగాక కూడా రోడ్డు మీద అదే పిలుపు వెంటాడుతోందని మరికొందరి బాధ. రెండూ రాయండి. మొదటిదాన్ని తేలిగ్గా తీసేయకండి, అది తిండి సంగతి. ఇలాంటి వీడియోలు తీసే గ్రూబీ కంపెనీ తన పాత సైట్ పేరులోంచి ‘షీమేల్’ తీసేసి 2017లో గ్రూబీగర్ల్స్ అని మార్చుకుంది. ఇలాంటి వివరం ఒక్కటి ఉంటే వార్తకు బలం వస్తుంది.

ఆ పదం లేకుండా వార్త అర్థం కాదనుకుంటే కోట్స్‌లో ఒక్కసారి రాయండి, అది తిట్టని పక్కనే చెప్పండి. దానికి సమానమైన తెలుగు తిట్టు మాత్రం వెతకొద్దు. ఇంగ్లిష్ మాట అమెరికాలో ఎవరికి తగులుతుందో గానీ, తెలుగు మాట మన పక్కింటి మనిషికి తగులుతుంది. హెడ్డింగ్‌లో, క్యాప్షన్‌లో, థంబ్‌నెయిల్‌లో అసలు వద్దు. ట్యాగుల్లో పెడితే సెర్చ్‌లో వస్తుందని మీ ఆన్‌లైన్ టీమ్ అడుగుతుంది. వీడియో అమ్మేవాడు చెప్పేదీ అదే. ఒప్పుకోకండి.

‘హిజ్రా’ తిట్టు కాదు. గురువు, చేలా (శిష్యురాలు) సంబంధాలున్న ఒక సమాజం పేరు. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు కాబట్టి, ఆ మనిషి తనను తాను అలా చెప్పుకుంటేనే రాయండి. ‘నపుంసకులు’ పూర్తిగా మానేయండి.

క్రియల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘అది వచ్చింది’ అని రాస్తే మనిషిని వస్తువుల్లో కలిపేసినట్టే. ‘ఆమె చెప్పారు’, ‘ఆయన వచ్చారు’ అని గౌరవంగా రాయండి. ఆమె అనాలో ఆయన అనాలో తెలియకపోతే ఫోన్ చేసి అడగండి. నేను అడిగినందుకు ఇంతవరకు ఒక్కరూ కోప్పడలేదు. ‘మగాడిగా పుట్టి ఆడదిగా మారిన’ అనే వాక్యం, పాత పేరు, ఆపరేషన్ వివరాలు కొట్టేయండి. ఎవరి జెండర్ వారే నిర్ణయించుకోవచ్చని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విలేకరికి అంతకంటే ఎక్కువ రుజువు ఎందుకు?

చోటు సరిపోలేదన్నది సాకు. ఆ ఫోన్ పెట్టేశాక కాగితం మీద ‘అవార్డు పేరు మారింది’ అని రాసి చూశాను. సింగిల్ కాలమ్‌లో రెండు లైన్లలో హాయిగా పట్టింది.

తప్పు జరిగితే మర్నాడే సవరణ వేయండి, అందులో ఆ తిట్టును మళ్లీ అచ్చు వేయకండి. మేం వేసిన సవరణలో ‘నిన్నటి శీర్షికలో వాడిన పదం అవమానకరమైనది, క్షమించండి’ అని మాత్రమే ఉంది. వేసే ముందు వరంగల్‌కు ఫోన్ చేసి ఆమెకు చదివి వినిపించాను.