కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టుకు దరఖాస్తు: మహిళలు, దివ్యాంగుల పేర్లు కాగితాల్లోకి ఎక్కాలంటే

కట్టెల పొయ్యి మానేసి గోబర్ గ్యాస్ మీద వండితే అడవిలో కలప మిగులుతుంది, పొగ తగ్గుతుంది. ఆ తగ్గింపును లెక్కగట్టి, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక క్రెడిట్ చొప్పున అమ్ముతారు. పొయ్యి ముందు కూర్చుని పొగ మింగేది ఆడవాళ్లు. డబ్బు మాత్రం కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లకే వెళ్తుంది. ఆ పేరు పడేది దరఖాస్తు దశలోనే. రిజిస్ట్రేషన్ అయ్యాక మార్పించడం చాలా కష్టం. అందుకే మండల సమాఖ్యలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, వికలాంగుల సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

మనలాంటి వాళ్ల వల్ల అవుతుందా అన్న అనుమానం వద్దు. ఉమ్మడి అనంతపురం జిల్లా సరిహద్దుకు ఆనుకుని, కర్ణాటకలో ఉన్నా ఇంటింటా తెలుగే వినిపించే బాగేపల్లిలో ఏడాట్స్ అనే సంస్థ కూలీ కుటుంబాలతో కలిసి ఈ పని చేసింది. 5,500 ఇళ్లకు గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే ప్రాజెక్టును 2005లోనే ఐక్యరాజ్యసమితి సీడీఎం (క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం, వర్ధమాన దేశాల్లో కాలుష్య వాయువులు తగ్గించే ప్రాజెక్టులకు క్రెడిట్లిచ్చే ఏర్పాటు) కింద రిజిస్టర్ చేయించింది.

ఎవరు దరఖాస్తు చేయాలి

ఒక్క ఇల్లు విడిగా దరఖాస్తు చేసుకోవడం కుదరదు. ఒక పొయ్యి మీద మిగిలే టన్నులు తనిఖీ ఖర్చుకు కూడా సరిపోవు. వేల ఇళ్లను కలిపి ఒక సంస్థ దరఖాస్తు చేస్తుంది. అది సమాఖ్య కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు, కంపెనీ కావచ్చు. మిగతావాళ్లు లబ్ధిదారులుగా చేరతారు. కంపెనీ దరఖాస్తు చేస్తున్నా, కింద చెప్పే ప్రతి దశలోనూ సంఘం తరఫున మనిషి ఉండాలి.

మన దేశంలో దారులు రెండు. గోల్డ్ స్టాండర్డ్, వెర్రా లాంటి అంతర్జాతీయ ప్రమాణాల కింద నడిచే స్వచ్ఛంద మార్కెట్ ఒకటి, అంటే చట్టం బలవంతం లేకుండా తమంతట తామే క్రెడిట్లు కొనేవాళ్ల మార్కెట్. 2023 జూన్‌లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ రెండోది. అదే ఏడాది డిసెంబరులో చేసిన సవరణతో, ఉద్గారాల లక్ష్యాలు (కాలుష్య వాయువులు ఇంత తగ్గించాలని ప్రభుత్వం పెట్టే లక్ష్యాలు) లేని సంస్థలు కూడా సొంతంగా ముందుకొచ్చి ప్రాజెక్టులు నమోదు చేసుకునే వీలు కలిగింది. మహిళల విషయంలో షరతులు స్పష్టంగా రాసి ఉన్నది గోల్డ్ స్టాండర్డ్‌లో కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

మహిళ ఒక్కరి పేరునే ఉన్న, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా. దివ్యాంగులకైతే దీంతో పాటు సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు). సర్టిఫికెట్ లేదని ఎవరినీ జాబితాలోంచి తీసేయనివ్వకండి, అది ప్రాజెక్టులో చేరడానికి అర్హత కాదు. ఎంతమంది ఉన్నారో లెక్క తేలడానికి మాత్రమే.

చెట్ల పెంపకం ప్రాజెక్టు అయితే భూమి కాగితం అడుగుతారు. చిక్కంతా ఇక్కడే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల పేరున ఉన్న కమతాలు సుమారు 14 శాతమే. అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లకు మాత్రం చట్టమే అండ. 2006 చట్టంలోని 4(4) సెక్షన్ ప్రకారం పెళ్లైనవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మీ పట్టాలో రెండు పేర్లూ ఉంటే ఒప్పందంలోనూ రెండూ ఉండాలని పట్టుబట్టండి.

లబ్ధిదారుల జాబితా కోసం చేసే ఇంటింటి సర్వేలో పెద్ద దివ్యాంగత గుర్తించడం తేలికే. చూపు మందగించిన అవ్వ, చెవుడున్న కోడలు లెక్కలోకి రారు. 'మీ ఇంట్లో వికలాంగులున్నారా' అని అడిగితే చాలామంది లేరనే అంటారు. దివ్యాంగుల లెక్కల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం వాషింగ్టన్ గ్రూప్ తయారుచేసిన ఆరు ప్రశ్నలు అడగమనండి. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు వేసుకోవడం, ఇతరులతో మాట్లాడి అర్థం చేసుకోవడం. వీటిలో ఎంత ఇబ్బంది ఉందో చెప్పమంటే నిజం బయటికొస్తుంది.

గ్రామంలో సంప్రదింపుల సమావేశం

గోల్డ్ స్టాండర్డ్ ప్రాజెక్టుకు ఇది తప్పనిసరి. ప్రాజెక్టు ఎలా నడుస్తుందో వివరించే డిజైన్ పత్రం ఖరారు కాకముందే స్థానికులను పిలిచి, వాళ్ల అభ్యంతరాలు రాసుకుని, వాటికి ఏం చేశారో చూపాలి.

కొన్నేళ్ల క్రితం అలాంటి సమావేశానికి వెళ్లాను. పదకొండు గంటలకు, మండల కేంద్రంలో మేడ మీది హాల్లో పెట్టారు. ఆడవాళ్లు ఉపాధి హామీ పనిలో ఉన్నారు. పోలియో వచ్చిన ఒకాయన మూడు చక్రాల బండి మీద వచ్చి, మెట్ల కిందే ఆగిపోయాడు. కాసేపటికి పైనుంచి రిజిస్టరు కిందికి పంపి సంతకం పెట్టించుకున్నారు. పైన ఏం మాట్లాడారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద మాత్రం దివ్యాంగుల ప్రతినిధి హాజరు. ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది.

కాబట్టి నిర్వాహకులకు ముందే రాసివ్వండి: సమావేశం కింది అంతస్తులో పెట్టాలి, సాయంత్రం పనులయ్యాక పెట్టాలి, నెల రోజుల ముందే పిలుపు రావాలి, చదవలేనివాళ్లకు పత్రం చదివి వినిపించాలి, అవసరమైతే సైగల భాష తెలిసిన మనిషిని పిలవాలి. ఆడవాళ్లతో విడిగా ఒక సమావేశం అడగండి. మగవాళ్ల ముందు డబ్బు సంగతి ఎత్తరు. రాసివ్వడం వల్ల లాభం ఏంటంటే, తర్వాత వచ్చే ఆడిటర్ ఆ కాగితాన్ని చూసి తీరాలి.

హక్కు బదిలీ పత్రం

పొయ్యి లేదా ప్లాంటు ఇచ్చేటప్పుడు ఒక పేజీ పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఈ పొయ్యి వల్ల వచ్చే క్రెడిట్ల హక్కు ఫలానా సంస్థకు ఇస్తున్నాను అని అందులో ఉంటుంది. అలా రాయించుకోవడం తప్పు కాదు, ఆ పత్రం లేకపోతే సంస్థ క్రెడిట్లు అమ్మలేదు. కానీ సంతకానికి ముందు నాలుగు సంగతులు చూడండి. పేరు గడిలో 'ఇంటి యజమాని' అని కాకుండా వంట చేసే మనిషి పేరు ఉందా? ఎన్నేళ్లకు? బదులుగా ఏమిస్తారు, పొయ్యి ఒక్కటేనా, అమ్మకంలో వాటా కూడానా? పొయ్యి పాడైతే బాగు చేసేది ఎవరు? పత్రం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీ చేతిలో ఉండాలి.

దివ్యాంగుల తరఫున అన్నో బాబాయో సంతకం పెట్టేస్తానంటే ఒప్పుకోకండి. సొంత ఆస్తి, డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు వాళ్లకు అందరితో సమానంగా ఉందని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. వేలిముద్ర అయినా వాళ్లదే పడాలి.

రిజిస్ట్రేషన్, తనిఖీ, డబ్బు

ఆ తర్వాత పని సంస్థది. డిజైన్ పత్రం సమర్పిస్తుంది, గుర్తింపు పొందిన స్వతంత్ర ఆడిటర్ ఊరికొచ్చి పరిశీలిస్తారు, రిజిస్ట్రేషన్ అవుతుంది. కొంతకాలం నడిచాక వంటచెరకు ఎంత తగ్గిందో కొన్ని ఇళ్లలో తూకం వేసి, సర్వే చేసి మళ్లీ ఆడిట్ చేయిస్తారు. అప్పుడే క్రెడిట్లు వస్తాయి. సర్వేకి వచ్చినవాళ్లతో మాట్లాడాల్సింది రోజూ ఆ పొయ్యి వాడే మనిషి.

మహిళలకు కలిగిన మేలును విడిగా లెక్కగట్టే డబ్ల్యూ ప్లస్ అనే ప్రమాణం కూడా ఉంది. ఆదా అయిన సమయం, ఆదాయం, ఆరోగ్యం, నాయకత్వం, చదువు, ఆహార భద్రత అనే ఆరు అంశాలను అది కొలుస్తుంది. మీ ప్రాజెక్టుకు దాన్ని జోడిస్తారా అని సంస్థను అడగండి.

కేంద్ర పథకంలో వెళ్లేవాళ్లు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ) నడిపే ఇండియన్ కార్బన్ మార్కెట్ పోర్టల్‌లో నమోదు కావాలి. మీ తరహా పనికి ఆమోదించిన లెక్కింపు పద్ధతి ఉందో లేదో ముందు చూసుకోండి. మడ అడవుల పెంపకం ఆ జాబితాలో ఉంది, తీరప్రాంత మత్స్యకార మహిళా సంఘాలు గమనించాలి.

ఫిర్యాదు ఉంటే

గోల్డ్ స్టాండర్డ్ ప్రాజెక్టు నడిచినంతకాలం ఊళ్లో అందరికీ అందేచోట ఒక ఫిర్యాదుల పుస్తకం ఉండాలి. దాంతో పాటు ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఇవ్వాలి. పుస్తకం ఎక్కడుందో తెలియకపోతే సంస్థను అడగండి. రాయలేనివాళ్ల మాట గ్రామ సంఘం లీడరు రాసి, తేదీ వేసి, ఆ పేజీ ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోవాలి.