బోరు నీళ్లతో లాన్ స్ప్రింక్లర్లు మొరాయించకుండా చూసుకోవడం ఎలా?

నెల్లూరులో మా ఇంటి ముందు పది అంకణాల (720 చదరపు అడుగుల) లాన్ ఉంది. స్ప్రింక్లర్లు పెట్టించిన మొదటి ఏడాది ఏ ఇబ్బందీ రాలేదు. రెండో ఎండాకాలానికి ఒక మూల గడ్డి ఎండిపోయి మచ్చ పడింది. నీళ్లు చాలడం లేదనుకుని రోజూ ఇంకో పావుగంట మోటారు వేశాను. మిగతా చోట్ల బురదైంది కానీ మచ్చ మాత్రం పోలేదు. చివరికి ఆ మూల స్ప్రింక్లర్ నాజిల్, అంటే నీళ్లు చిమ్మే మూతి, విప్పితే లోపల ఇసుక, రంధ్రం చుట్టూ తెల్లటి సున్నం పక్కు. గడ్డి ఎండితే ముందు చూడాల్సింది నాజిల్‌ను, టైము సంగతి ఆ తర్వాత.

ముందు తిరిగి చూడండి

పొద్దున్నే అన్నీ ఆన్ చేసి ఒక్కొక్కదాని దగ్గరా నిలబడండి. ఒకటే సన్నగా చిమ్ముతుంటే దాని నాజిల్ పూడింది. అన్నీ నీరసంగా ఉంటే ఫిల్టరు నిండిందనో, పైపు ఎక్కడో కారుతోందనో అర్థం. నీళ్లు పొగమంచులా లేచిపోతుంటే ప్రెషర్ ఎక్కువైంది, గేటు వాల్వు కొంచెం తిప్పి తగ్గించండి. మోటారు ఆపాక పల్లంలో ఉన్న స్ప్రింక్లర్ నుంచి కాసేపు నీరు ఊరడం మామూలే. పైపులో మిగిలిన నీరు అది. గంటలు గడిచినా ఆగకపోతే వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట.

ఫిల్టరు

మోటారు ఆపి, గేటు వాల్వు కట్టేసి, ఫిల్టరు మూత విప్పి జల్లెడ బయటికి తీయండి. పాత టూత్ బ్రష్‌తో కుళాయి కింద రుద్దితే చాలు. మామూలు రోజుల్లో పదిహేను రోజులకోసారి కడగండి. నడి ఎండల్లో బోరులో నీరు దిగి ఇసుక ఎక్కువ వస్తుంటే వారానికోసారి. జల్లెడకు చిన్న చిరుగు కనిపించినా కొత్తది వేయండి. ఆ చిరుగులోంచి పోయిన ఇసుక నేరుగా నాజిళ్లలోకే చేరుతుంది.

నాజిళ్లు

ఓపికంతా ఇక్కడ పెట్టండి. పైకి లేచే రకమైతే లోపలి గొట్టాన్ని పైకి లాగి పట్టుకుని నాజిల్ తిప్పి తీయండి. చాలావాటికి కింద చిన్న జాలీ ఉంటుంది, అది కూడా తీయాలి. ఏది ఎక్కడిదో మార్కరుతో నంబరు వేసుకోండి. ఎందుకంటే ఒక్కో నాజిల్ చిమ్మే కోణం, దూరం వేరువేరు. తారుమారైతే నీళ్లు గోడకో, వరండాలోకో పడతాయి.

గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, గంటా రెండు గంటలు నానబెట్టండి. పొదలకూరు నిమ్మకాయలు చేతికందే జిల్లా మనది, నిమ్మరసమైనా పనికొస్తుంది. నానాక బ్రష్‌తో రుద్దితే సున్నం రాలిపోతుంది. పిన్నీసుతో, మేకుతో పొడవకండి. రంధ్రం పెద్దదైతే ఆ నాజిల్ ఇక సమంగా చిమ్మదు. బాత్రూములు కడిగే యాసిడ్ అసలు వాడొద్దు.

తిరిగి బిగించే ముందు, నాజిళ్లు లేకుండానే నిమిషం పాటు మోటారు వేయండి. పైపులో అడుగున పేరుకున్న ఇసుక బయటికి కొట్టుకొస్తుంది. నేను మొదట్లో ఈ పని వదిలేసి, కడిగిన నాజిళ్లను మర్నాడే మళ్లీ కడగాల్సి వచ్చింది.

ఏదైనా స్ప్రింక్లర్ ఒరిగినా, మట్టిలో కుంగినా చుట్టూ తవ్వి నిటారుగా నిలిపి మట్టి దట్టించండి. దాని మీదికి పాకిన గడ్డిని కత్తిరించండి.

ఎంతసేపు వేయాలి?

నిలువు గోడలున్న ఒకే సైజు డబ్బాలు ఆరు తీసుకుని లాన్‌లో అక్కడక్కడా పెట్టండి. పైన వెడల్పుగా ఉండే స్టీలు గ్లాసులైతే లెక్క తప్పుతుంది. పావుగంట మోటారు వేసి, స్కేలుతో లోతు కొలవండి. ఒక డబ్బాలో ఇంకోదానికంటే సగమే పడితే అటువైపు నాజిళ్లు మళ్లీ చూడండి. అన్నిట్లో దాదాపు సమంగా 3 మిల్లీమీటర్లు పడ్డాయనుకుందాం. ఎండాకాలంలో గడ్డికి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి కాబట్టి 25 నిమిషాలు వేయాలి. మన అంకణం 72 చదరపు అడుగులు, అంటే దానికి దాదాపు 33 లీటర్లు, పది అంకణాలకు 330 పైచిలుకు. ట్యాంకు నుంచి పెట్టేవాళ్లకు ఈ లెక్క బాగా అక్కరకొస్తుంది.

నల్లరేగడి అయితే నీళ్లు త్వరగా ఇంకవు. సగం సేపు వేసి, అరగంట ఆగి మిగతాది వేయండి. సముద్రం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు, కాబట్టి ఏ రోజుది ఆ రోజే పెట్టాలి. తెల్లవారుజామున పెడితే గాలి తక్కువ, ఆవిరయ్యేదీ తక్కువ. రాత్రంతా గడ్డి తడిగా ఉంటే తెగుళ్లు పట్టుకుంటాయి, అందుకే సాయంత్రాలు వద్దంటాను.

టైమరుతో నడిచే వాల్వు మూసుకోకపోతే, కరెంటూ నీళ్లూ ఆపి దాని మూత విప్పండి. చాలాసార్లు రబ్బరు పొర కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. కడిగి, స్ప్రింగుతో సహా ఎలా ఉన్నది అలాగే పెట్టి బిగించండి.

వానలు పట్టాక

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ రోజుల్లో టైమరు ఆపేయండి. అయినా పదిహేను రోజులకోసారి ఐదు నిమిషాలు నడపండి, లేకపోతే రబ్బర్లు అతుక్కుపోతాయి. సంక్రాంతి దాటి మళ్లీ మొదలుపెట్టే రోజు చిట్టచివరి నాజిల్ విప్పి, బురద నీరు పోయి తేట నీరు వచ్చేదాకా వదిలి, అప్పుడు బిగించండి.