కర్ణాటక బండి కొనబోతున్నారా? ఎన్‌ఓసీ చేతికి రాకముందు డబ్బంతా ఇవ్వకండి

అనంతపురం మార్కెట్ యార్డు బయట చీనీకాయల లోడుతో నిలిచిన ఒక బొలెరో పికప్‌ను ఈ మధ్య ఫైనాన్స్ మనుషులు వచ్చి పట్టుకుపోయారు. కాయలన్నీ రోడ్డు పక్కన దింపించారు. ఆ కుర్రవాడు బండిని బళ్ళారిలో ఒక ఆసామి దగ్గర మొత్తం డబ్బు చెల్లించి కొన్నాడు, ఒక్క రూపాయి బాకీ లేడు. అయితే ఆర్‌సీలో పేరు ఇంకా ఆ ఆసామిదే. దాని మీద అప్పూ ఆయనదే, వాయిదాలు కట్టడం ఎప్పుడో మానేశాడు. కుర్రవాడి దగ్గర మిగిలినవల్లా సంతకాలు పెట్టిన రెండు ఫారాలు, ఆర్‌సీ జిరాక్సు, "నెల తిరక్కుండా ఎన్‌ఓసీ పంపిస్తాను తమ్ముడూ" అన్న హామీ.

వేరుశనగ, పత్తి, ఉల్లి దిగుబడికి ముందు పాత బండి కోసం వెతకడం మన వైపు ఏటా ఉన్నదే. ఆదోని, గుంతకల్లు వాళ్ళకు బళ్ళారి, హిందూపురం వాళ్ళకు బెంగళూరు పొరుగూళ్ళ కిందే లెక్క. వెళ్ళండి, కొనండి. ఇంజను పొగ, గేర్‌బాక్సు, కమాన్ కట్టల సంగతి నేను రాయను, మీ మేస్త్రీ నాకన్నా బాగా చూస్తాడు. పైగా ఇంజను చెడితే షెడ్డులో బాగు చేయించుకోవచ్చు. నేను చూసిన వాళ్ళంతా మునిగింది కాగితాల దగ్గర.

మునిగేది ఇక్కడే

ఎన్‌ఓసీ రాకుండా పూర్తి డబ్బు ఇవ్వడం. అసలు తప్పు ఇదే. పక్క రాష్ట్రం బండి ఇక్కడ మీ పేరు మీదకు మారాలంటే అక్కడి ఆర్టీవో మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ కింద నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఇవ్వాలి. అందుకు ఫారం 28 పెట్టవలసింది ఆర్‌సీలో పేరున్న మనిషి, మీరు కాదు. పన్ను బాకీ, చలాన్లు, పోలీసు రికార్డు, అప్పు అన్నీ ఆ దశలోనే బయటపడతాయి. డబ్బు ముట్టిన తర్వాత ఆయనకు ఈ తిరుగుడంతా ఎందుకు? ఫోను ఎత్తడు. ఎత్తినా ఏజెంటుకు ఇంకో ఐదు వేలు పంపమంటాడు. ఓటీపీ కావాలన్నా అది ఆయన ఫోనుకే వెళుతుంది. ఖర్మ కాలి ఆయన చనిపోతే మీ దగ్గరున్న, పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీది సంతకాలు ఎందుకూ కొరగావు. వారసులు ఫారం 31తో ముందు తమ పేరుకు మార్చుకోవాలి, ఆ తర్వాతే మీ వంతు.

కాబట్టి కొంత అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుని, బండిని అక్కడే వదిలి రండి. ఎన్‌ఓసీ మీ జిల్లా ఆర్టీవో కార్యాలయం పేరున వచ్చిందా, ఆన్‌లైన్‌లో అదే కనిపిస్తోందా అన్నది చూసుకున్నాకే మిగతా డబ్బు. ఈలోగా ఇంకొకరు ఎగరేసుకుపోతారని తొందరపెడితే ఎగరేసుకుపోనివ్వండి.

"కేఏ నంబరుతో ఏడాది తిరగొచ్చు" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. 47వ సెక్షన్‌లోని పన్నెండు నెలల గడువు కొత్త నంబరుకు సంబంధించినది. కొన్న సంగతిని 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని 50వ సెక్షన్ వేరేగా చెబుతోంది. అమ్మినవాడు బద్ధకిస్తే ఆయనకు ఒక విషయం గుర్తుచేయండి: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఈ మాట విన్నాక కొందరైనా కదులుతారు.

అప్పు ఉన్న బండి

అప్పు ఉన్నంత మాత్రాన వదులుకోనక్కరలేదు. అమ్మేవాడితో కలిసి ఫైనాన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్ళండి. ఎంత కడితే లోను ముగుస్తుందో రాతపూర్వకంగా తీసుకుని, ఆ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాలో కట్టి, రసీదు మీ దగ్గర ఉంచుకోండి. ఆయన చేతికిస్తే అది లోను ఖాతా దాకా వెళుతుందని నమ్మకం లేదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆయన అదే కంపెనీలో బావమరిది ట్రాక్టరుకు జామీను ఉన్నాడనుకోండి, ఈ లోను తీరినా కంపెనీ కాగితం ఇవ్వకుండా ఆపుతుంది. కట్టే ముందే అడగండి. అప్పు తీరిందని ఆర్టీవోకు ఇచ్చే ఫారం 35 మీద కంపెనీ సంతకం, ముద్ర ఉండాలి. ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి అప్పుకు తాకట్టులో ఉందన్న నమోదు, తీసేసినట్టు వాహన్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ వెబ్‌సైటు) కనిపించాలి. క్లోజర్ లెటర్ ఒక్కటే చాలదు.

చాసిస్

ఫ్రేము మీద కొట్టిన చాసిస్ నంబరును పెన్సిలుతో కాగితం మీదకు తీసుకుని ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. ఎన్‌ఓసీ ఉన్నా ఈ పని మానవద్దు. బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) బండ్ల అమ్మకం, రిజిస్ట్రేషన్ 2017 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయాయి. అలాంటి లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించి, ఎన్‌ఓసీతో మన అనంతపురం జిల్లాకు తెచ్చారన్న ఆరోపణలతో 2020లో కేసులు నడిచిన సంగతి అందరికీ తెలుసు. నంబరు దగ్గర గీకుడు, కొత్త రంగు, వెల్డింగ్ కనిపిస్తే బేరం ఆపేయండి.

ఇక మిగిలినవి, తోచిన వరుసలో.

ఆర్‌సీలో పేరున్న మనిషిని ఆధార్‌తో సహా ఎదురుగా చూడండి. "మా బావది", "ఫ్రెండుది" అంటే లేచి రండి. వాహన్‌లో ఉన్న ఫోను నంబరు ఎవరిదో అక్కడే తేల్చుకోండి. నగదు ఇవ్వకండి, ఆర్‌సీదారు ఖాతాలోనే వేయండి. ఖాళీ ఫారాలు ఒప్పుకోకండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, తేదీ చూడండి. స్థూల బరువు 3,000 కిలోలు మించితే పర్మిట్ కావాలి, కర్ణాటక పర్మిట్ ఉందికదా అని ఇక్కడ లోడు వేయకండి. ఇక్కడ కట్టవలసిన పన్ను ఎంతో ముందే కనుక్కుని బేరంలో కలపండి. పాత ఫాస్టాగ్ ఆయనతో మూయించండి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయండి. రాయకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ ఇవ్వరు. చలాన్లన్నీ ఆయనే కట్టాలి, ఎన్‌ఓసీకి ముందే కట్టాలి. బ్రోకరు మాట మీద అడ్వాన్సు పెంచకండి. పేరు మారకముందు బాడీ కట్టించకండి, రంగు వేయించకండి, సీజను మొదలైందని లోడు ఒప్పుకోకండి. ఎన్‌ఓసీ రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. బంధువు అమ్మినా ఇవ్వకండి.

ఇప్పటికే అలా కొని తెచ్చుకున్నవాళ్ళు ఈ వారమే వాహన్‌లో నంబరు కొట్టి ఫైనాన్సర్ పేరు ఉందేమో చూడండి. ఉంటే బండిని ఇంటి దగ్గర ఆపి, అగ్రిమెంటు, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, అమ్మినవాడి ఊరికి వెళ్ళి, ఆయన్ను వెంటబెట్టుకుని ఆ బ్రాంచికి వెళ్ళండి. రానంటే మరునాడే లాయరుతో నోటీసు ఇప్పించండి.