సీజన్ మొదటి డైవ్‌కు ముందు బీసీడీని మీ ఒంటికి సరిచేసుకోవడం: జాగ్రత్తలు

బీసీడీ అంటే స్కూబా డైవర్లు నీళ్లలో తేలడాన్నీ మునగడాన్నీ అదుపు చేసుకోవడానికి వేసుకునే గాలి జాకెట్. నెలల తరబడి మూలన పడి ఉన్న బీసీడీని తీసి, దుమ్ము దులిపి, నేరుగా పడవ ఎక్కడం ఎవరికీ మంచిది కాదు. భుజం ఆపరేషన్ అయినవాళ్లకు, ఒక చెయ్యి సరిగ్గా పనిచేయనివాళ్లకు, కాలు కోల్పోయినవాళ్లకు, వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివాళ్లకు, కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయేవాళ్లకు అది మరీ ప్రమాదం. వీళ్లంతా డైవ్ చేయగలరు, చేస్తున్నారు కూడా. కాకపోతే జాకెట్‌ను వాళ్ల ఒంటికి తగ్గట్టు మార్చుకోవాలి, మార్చిన ప్రతిదాన్నీ లోతుకు దిగకముందే పరీక్షించాలి. పట్టీ మార్చడం పది నిమిషాల పని. ఆ పట్టీ మారాక నీళ్లలో ఇంకేం మారిందో తెలుసుకోవడానికే ఓపిక కావాలి. నా పట్టుదలంతా దాని మీదే.

అన్నిటికన్నా ముందు డాక్టరు. పోయిన సీజన్ తర్వాత ఆపరేషన్ అయినా, కొత్త మందులు మొదలైనా, బరువు బాగా పెరిగినా తగ్గినా, డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరు సరేనన్నాకే పరికరాల మాట ఎత్తండి.

ఏ మార్పు చేసినా తప్పక చేయగలగాల్సిన మూడు పనులు

జాకెట్‌లో గాలి వదలడం, ఇన్‌ఫ్లేటర్ (బటన్ నొక్కి జాకెట్‌లో గాలి నింపే పరికరం)కు సిలిండర్ నుంచి గాలి తెచ్చే గొట్టం ఊడదీయడం, మునగడానికి కట్టుకున్న బరువులు వదిలేయడం. మీ జాకెట్‌లో ఏం మార్చినా, ఆ తర్వాత ఈ మూడూ మీ చేత అవుతున్నాయా అని చూడండి. గ్లవ్స్ వేసుకుని చూడండి, కళ్లు మూసుకుని చూడండి, చేతులు చల్లబడ్డాక చూడండి, ఒళ్లు బోర్లా ఉన్నప్పుడూ నిటారుగా ఉన్నప్పుడూ చూడండి. గదిలో కుర్చీలో కూర్చుని చేయగలిగినంత మాత్రాన నీళ్లలో చేయగలరని అనుకోవద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణం గాలి స్వభావమే. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కన్నా రెండింతలు ఉంటుంది. అక్కడ జాకెట్‌లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. అంటే పైకి తేలే కొద్దీ ఇంకా వేగంగా తేలతారు. ఉప్పు పేరుకుని ఇన్‌ఫ్లేటర్ బటన్ లోపలికి ఇరుక్కుపోతే జాకెట్ దానంతట అదే నిండుతుంది. ఊపిరి బిగబట్టి అలా పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. అప్పుడు చేయాల్సింది ఒక పక్క గాలి వదులుతూనే గొట్టం ఊడదీయడం. ఆ గొట్టం చివర ఉండే కాలర్‌ను (కదిలే వలయాన్ని) వెనక్కి లాగాలంటే సాధారణంగా రెండు చేతులు కావాలి. ఒక్క చెయ్యితో డైవ్ చేసేవాళ్లు అందరికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

పట్టు దొరికేలా పెద్ద కాలర్ ఉన్న గొట్టాలు దొరుకుతాయి. ఇన్‌ఫ్లేటర్‌ను ఛాతీకి నొక్కిపెట్టి ఒక్క చేత్తో కాలర్ లాగడం కొందరికి అలవాటవుతుంది. రెండూ కుదరకపోతే గొట్టం ఊడదీసే పని బడ్డీదే, అంటే మీతో జోడీగా డైవ్ చేసే మనిషిదే. అదే నిజమైతే బడ్డీ ఎప్పుడూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఆ ఒప్పందం నీళ్లలోకి దిగకముందే జరగాలి. ఇంకో పరీక్ష కూడా చేయండి. ఒడ్డున సిలిండర్ తగిలించి ఇన్‌ఫ్లేట్ బటన్ నొక్కి పట్టుకోండి. అదే సమయంలో బడ్డీని డంప్ తాడు (జాకెట్‌లోని గాలిని బయటికి వదిలే వాల్వ్‌ను తెరిచే తాడు) లాగమనండి. జాకెట్ ఉబ్బుతూనే ఉంటే, లోపలికి వచ్చే గాలిని ఆ వాల్వ్ బయటికి పంపలేకపోతోందన్నమాట. అలాంటి జాకెట్‌తో దిగకండి, ముందు సర్వీసుకు ఇవ్వండి.

ఇన్‌ఫ్లేటర్ మామూలుగా ఎడమ భుజం మీద ఉంటుంది. ఎడమ చెయ్యి పనిచేయనివాళ్లు దాన్ని కుడి వైపుకు మార్పించుకుంటారు. ఇది అన్ని జాకెట్లలో కుదిరే పని కాదు. తయారీదారు ఒప్పుకున్న మోడల్ మీద, ఆ పని తెలిసిన టెక్నీషియన్ చేతే చేయించాలి. గొట్టం పొడవు సరిపోక వంగి నలిగిందా, తల తిప్పితే లాగేస్తోందా చూడండి. కొత్త బడ్డీ కంగారులో అలవాటు కొద్దీ ఎడమ భుజం మీదే వెతుకుతాడు కాబట్టి ప్రతి డైవ్‌కు ముందూ అతని చెయ్యి పట్టి ఇన్‌ఫ్లేటర్ మీద పెట్టించండి. నోటితో చెబితే సరిపోదు.

డంప్ వాల్వ్ విషయంలో ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. గాలి జాకెట్‌లో ఎత్తుగా ఉన్న చోటికి చేరుతుంది కాబట్టి, ఆ చోట ఉన్న వాల్వ్ తెరిస్తేనే బయటికి పోతుంది. ఒంటిని నిటారుగా నిలపలేనివాళ్లకు, చెయ్యి భుజం దాటి ఎత్తలేనివాళ్లకు ఇన్‌ఫ్లేటర్ ఎత్తి గాలి వదలడం కుదరదు. వాళ్లకు నడుము వెనక ఉండే కింది డంప్ వాల్వే ముఖ్యం. దాని తాడుకు పెద్ద గుండు కట్టించుకుంటే బిగుసుకున్న వేళ్లకు కూడా దొరుకుతుంది. తాడు చేతికి అందేంత పొడవుంటే చాలు, వేలాడే తాడు ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. సన్నని రబ్బరు పట్టీతో జాకెట్‌కు ఆనించి ఉంచండి.

పట్టీలు, ఒత్తిడి, చర్మం

జాకెట్‌ను పూర్తిగా ఉబ్బించి, ఒంటి మీద ఉండగానే నిండుగా ఊపిరి పీల్చి చూడండి. ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తే అది మీ సైజు కాదు, లేదా పట్టీలు అతిగా బిగించారు. నడుము చుట్టూ ఉబ్బే జాకెట్ కొందరికి పడదు. వెనక మాత్రమే ఉబ్బే రకం తీసుకుంటే ఛాతీ తేలికవుతుంది. కానీ ఆ రకం నీటిపైన ఉన్నప్పుడు ముఖాన్ని ముందుకు తోస్తుంది. మెడ, పొట్ట కండరాల్లో బలం లేనివాళ్లు దాన్ని కొనే ముందు నీటిపైన కాసేపు తేలి చూడాలి.

నడుము కింద స్పర్శ లేనివాళ్ల విషయంలో నేను ఎంత చెప్పినా తక్కువే. బకిల్ నొక్కుకున్నా, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) మడత పడి పట్టీ కింద నలిగినా నొప్పి తెలియదు. గంట తర్వాత విప్పి చూస్తే చర్మం కమిలి ఉంటుంది. అలాంటి పుండ్లు మానడానికి నెలలు పట్టవచ్చు. డైవ్‌కు ముందూ తర్వాతా తుంటి, వీపు, తొడల లోపలి వైపు చూసుకోవాలి, కనపడని చోట బడ్డీ చూడాలి. విప్పిన వెంటనే ఎర్రగా ఉన్న చోట కొద్దిసేపటికీ తగ్గకపోతే ఆ రోజుకు డైవింగ్ చాలు. గట్టి బకిల్‌ను ఎముక మీద నుంచి పక్కకు జరిపించి, కింద మెత్తని ప్యాడ్ వేయించుకోండి.

టీ6 (ఛాతీ భాగంలోని ఆరవ) వెన్నుపూస దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బతిన్నవాళ్లకు బిగుతు పట్టీ, నిండిన మూత్రపు సంచి, మెలిపడిన కాథెటర్ గొట్టం (మూత్రం బయటికి పంపే గొట్టం) వంటివి రక్తపోటును ఒక్కసారిగా ప్రమాదకరంగా పెంచేయగలవు. తల పగిలేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, వెన్నెముక దెబ్బతిన్న చోటికి పైభాగంలో చెమటలు దాని గుర్తులు. ఇది బడ్డీకి ముందే తెలిసి ఉండాలి. అలాంటి గుర్తు కనిపిస్తే డైవ్ ఆపి, మామూలు వేగంతోనే పైకి వచ్చి, నిటారుగా కూర్చోబెట్టి, పట్టీలన్నీ వదులు చేసి, కాథెటర్ చూసి, వైద్యసహాయం పిలవాలి. అందుకే కాళ్ల మధ్య పట్టీ ఉన్న హార్నెస్ వాడేవాళ్లు అది కాథెటర్ గొట్టం మీద పడకుండా దారి మార్పించుకోవాలి. పొట్ట మీద స్టోమా సంచి (మలమూత్రాలు బయటికి రావడానికి పొట్టకు చేసిన రంధ్రానికి తగిలించే సంచి) ఉన్నవాళ్లూ అంతే. నడుము పట్టీ, వెయిట్ బెల్టు దాని మీద నుంచి పోకూడదు.

వేళ్ల బలం తగ్గినవాళ్లు బకిల్‌కు బదులు అయస్కాంతపు క్లిప్పులు వాడుతుంటారు. సౌకర్యమే. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ఛాతీ దగ్గర అయస్కాంతం వద్దు. మీ బడ్డీకి ఉందేమో కూడా అడగండి.

భుజం నొప్పి ఉన్నవాళ్లు సిలిండర్ వీపున వేసుకుని నడవాల్సిన పనే లేదు. జాకెట్‌ను ఉబ్బించి నీళ్లలోకి దించి, అక్కడే వేసుకోవచ్చు, అక్కడే విప్పవచ్చు. రెండు భుజాల మీదా విప్పుకునే బకిళ్లున్న జాకెట్ అయితే ఇంకా సులువు.

బరువు ఎక్కడ పెట్టాలి

కాలు లేనప్పుడు, లేదా కండ కరిగి కాళ్లు తేలికైనప్పుడు ఒంటి తూకమే మారిపోతుంది. ఒక కాలు లేకపోతే ఒళ్లు ఒక పక్కకు తిరుగుతుంది. కండ తగ్గిన కాళ్లు వెట్‌సూట్‌లో పైకి తేలి తలను కిందికి దించేస్తాయి. చీలమండకు చిన్న బరువు కట్టడం, సిలిండర్‌ను బ్యాండ్‌లో కొద్దిగా పైకో కిందికో జరపడం, సిలిండర్ బ్యాండ్ మీది చిన్న జేబుల్లో బరువు పంచడం వంటివి చేయవచ్చు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. కృత్రిమ కాలుతో దిగేవాళ్లు దాని బోలులో గాలి నిలుస్తోందా, నీళ్లు నిండుతున్నాయా ముందే చూసుకోవాలి. సగం డైవ్‌లో నీళ్లు నిండితే తూకం మళ్లీ మారుతుంది.

ఇలా పంచేటప్పుడు బరువంతా వదలలేని చోట్లకు పోకుండా చూడండి. ఆపదలో వదిలేయడానికి తగినంత బరువు చేతికి అందే జేబుల్లో ఉండాలి. ఒక్క చేత్తో ఒక జేబే వదలగలిగితే ఒళ్లు ఎటు తిరుగుతుందో లోతు తక్కువ ఉన్న చోట వదిలి చూడండి.

మొత్తం ఎంత బరువు కావాలో పోయిన ఏడాది లెక్కతో తేల్చకండి. సిలిండర్‌లో 50 బార్ (బార్ అంటే పీడనపు కొలత) మిగిలి ఉండగా, జాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీల్చి బిగబట్టి కదలకుండా ఉంటే నీరు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో పరీక్షిస్తే ఆ తర్వాత దాదాపు 2 కిలోలు కలపాలి. ఎందుకంటే 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర ఉండే గాలే సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది, డైవ్ చివరికి అందులో చాలాభాగం పోతుంది. మంచినీటి పూల్‌లో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. ఉప్పునీరు రెండున్నర శాతం మేర చిక్కన కాబట్టి సరంజామాతో కలిపి 100 కిలోలున్న మనిషికి మరో రెండున్నర కిలోలు కావాలి.

శుభ్రం, నిల్వ

ప్రతి డైవ్ తర్వాత బయట కడగడం అందరూ చేస్తారు. లోపల కడగడమే మరిచిపోతారు. ఇన్‌ఫ్లేటర్ నోటి వైపు నుంచి మంచినీళ్లు పోసి, కొంచెం గాలి నింపి, అటూ ఇటూ ఊపి, అన్ని డంప్ వాల్వ్‌ల నుంచీ బయటికి వదలండి. బటన్లను నీళ్ల కింద చాలాసార్లు నొక్కండి. సగం ఉబ్బించి నీడలో ఆరబెట్టండి. లోపల తడి ఉంటే బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి జాకెట్‌లోని గాలి పీల్చకండి.

సీజన్‌కు ముందు జాకెట్‌ను గట్టిగా ఉబ్బించి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తబడి ఉంటే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడ వస్తుందో వెతకండి. అదనంగా కుట్టించిన చోట్లు, వెల్క్రో, తాడు ముడులు, క్లిప్పులు ఇప్పుడు విడిగా చూడండి. మార్పు చేసిన భాగాలే ముందు అరుగుతాయని నా నమ్మకం, ఎందుకంటే వాటిని ఫ్యాక్టరీ పరీక్షించలేదు. గాలి సంచి ఉన్న చోట సూది, మేకు, డ్రిల్లు ఎప్పుడూ పెట్టకండి. పెట్రోలియం గ్రీజు, నూనె వాడకండి. ఇన్‌ఫ్లేటర్ లోపలి భాగాలు ఏడాదికోసారి సర్వీసు టెక్నీషియన్‌కే వదలండి, అతనికి మీరు చేసుకున్న మార్పులన్నీ చూపించండి.

మొదటిసారి దిగేటప్పుడు

మొదటి డైవ్ పూల్‌లోనో, నిలబడగలిగినంత లోతులోనో చేయండి. అంగవైకల్యం ఉన్నవాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. 1981లో అమెరికాలో మొదలైన హ్యాండికాప్డ్ స్కూబా అసోసియేషన్ వాటిలో ఒకటి. అవసరాన్ని బట్టి ఒక బడ్డీతో డైవ్ చేయాలా, ఇద్దరితోనా అన్నది ఆ సంస్థ ముందే నిర్ణయిస్తుంది. ఇద్దరు కావాలంటే ఇద్దరితోనే వెళ్లండి, ఒకరు రాకపోతే ఆ రోజు దిగకండి. బడ్డీ చేత మీ జాకెట్‌ను నీళ్లలో ఒకసారి పూర్తిగా విప్పించండి. మార్చిన బకిళ్లు అతనికి కొత్త కాబట్టి అక్కడే తడబడతాడు.

పైకి వచ్చాక బట్టలు మార్చుకునే లోపే రాసిపెట్టండి: ఏ సూట్, ఏ సిలిండర్, ఉప్పునీరా మంచినీరా, బరువు ఎక్కడ ఎంత, ఏ పట్టీ ఏ రంధ్రంలో, చర్మం మీద ఎక్కడైనా గుర్తు పడిందా. సూట్ మందం గానీ సిలిండర్ గానీ మారిన రోజు బరువు పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.