ఏటా అదే చెట్టు, అదే గీత

అచ్చంపేటలో బోటనీ చెప్తాను కాబట్టి డిసెంబర్ రాగానే మా పిల్లలతో చెట్ల చుట్టుకొలత తీయించే పని నాదే. టేపు చుట్టడం ఎవరికైనా వచ్చు. పదేళ్ల తర్వాత ఇంకొకరు అదే చెట్టును కొలిచి, మన అంకెతో పోల్చుకోగలగాలి. కష్టమంతా అందులోనే ఉంది.

వర్షారణ్యాల్లో చాలా చెట్లకు మన టేకులాగా ఏటా ఒక వలయం స్పష్టంగా పడదు. మాను కోసి చూసినా వయసు తేలదు, పెరుగుదల తెలియాలంటే టేపే దిక్కు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్లకు హద్దు పెట్టి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకూ నంబరిచ్చారు. సుమారు అయిదేళ్లకోసారి అన్నిటినీ మళ్లీ కొలుస్తున్నారు. తమిళనాడులోని ముదుమలైలో కూడా 1988 నుంచి 50 హెక్టార్ల ప్లాటు ఉంది. అది మన నల్లమల లాంటి ఆకురాల్చే అడవి కాబట్టి నాకు దాని మీదే గురి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వులో అటవీశాఖ అనుమతి లేకుండా ఇలాంటి పని పెట్టుకోవద్దు. గుడి తోపో, కాలేజీ ఆవరణో, మీ చెల్క గట్టో చాలు. హద్దు గీసుకుని లోపలున్న ప్రతి చెట్టునూ లెక్కలోకి తీసుకోండి. నిటారుగా, లావుగా ఉన్నవే ఏరుకుంటే ఆ లెక్క దండగ.

టైలర్ టేపు వద్దు, సాగుతుంది. ఫైబర్ టేపు కొనండి. 1.3 మీటర్ల కర్ర ఒకటి కోసుకుని, దాన్ని చెట్టు మొదట్లో నిలబెట్టి, దాని కొస దగ్గర కొలవండి. గుట్ట వాలులో అయితే ఎగువ వైపు నిలబెట్టాలి. ఒరిగిన చెట్టుకు ఒరిగిన వైపు, మాను వెంబడి కొలవాలి. 1.3 మీటర్ల లోపే చీలితే ఒక్కో కొమ్మకు వేరుగా రాయాలి. పెద్ద బూరుగుకు మొదట్లో రెక్కల్లా వేళ్లు లేస్తాయి కదా, అక్కడ రెక్క ఆగిన చోటు నుంచి అర మీటరు పైకి వెళ్లి కొలిచి, ఆ ఎత్తు కూడా రాయండి. వర్షారణ్యాల్లో ఇలాంటి చెట్లు మస్తుగా ఉంటాయి.

కొలిచిన చోట పసుపు పెయింటుతో గీత గీయండి. నంబరు బిళ్ల గీత మీద కాకుండా 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. ఎందుకంటే మేకు చుట్టూ మాను ఉబ్బుతుంది. మేకు పూర్తిగా దిగ్గొట్టకండి, మాను లావెక్కడానికి జాగా ఉండాలి.

నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఊడిపోయే పెచ్చులు, చెదమట్టి చేత్తోనే దులపండి, కత్తి తగలకూడదు. అడ్డతీగ అల్లుకుంటే టేపు తీగ కిందనుంచి పోనివ్వాలి. తీగ ఉందా లేదా అని ఒక గడి తప్పకుండా పెట్టండి. అమెజాన్‌లో, పనామాలో తీగలు ఎక్కువయ్యాయని తెలిసింది ఇలాంటి లెక్కల వల్లే.

ఏడాది పెరుగుదల కొన్ని మిల్లీమీటర్లే కావచ్చు. పైగా ఎండాకాలంలో నీరు తగ్గి మాను కొంచెం సన్నబడుతుంది. డిసెంబర్‌లో మొదలుపెడితే ప్రతిసారీ డిసెంబర్‌లోనే కొలవాలి. అంకె మిల్లీమీటర్ల దాకా రాయాలి.

పెరుగుదల కన్నా చావు లెక్క ముఖ్యమని నా అభిప్రాయం. అమెజాన్‌లోని మూడు వందలకు పైగా ప్లాట్లను కలిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఆ అడవి అదనంగా దాచుకునే కార్బన్ 1990ల కన్నా మూడో వంతు తగ్గిందని తేలింది. చెట్లు త్వరగా చావడం అందుకు పెద్ద కారణం. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర 1979లో మొదలైన, చుట్టూ నరికేయగా మిగిలిన అడవి ముక్కల పరిశీలనలో, అంచుకు 300 మీటర్ల లోపున్న మహావృక్షాలు లోపలి వాటికన్నా దాదాపు మూడింతల వేగంతో చచ్చిపోయాయి. అందుకే ప్రతి చెట్టు పక్కన రోడ్డు లేదా చేను ఎంత దూరమో రాయిస్తాను. చచ్చిన చెట్టును లెక్కలోంచి కొట్టేసి వదిలేయకుండా, నిలబడే ఎండిందా, వేళ్లతో కూలిందా, నడుమ విరిగిందా, నరికారా, మొదలు కాలిందా, బంక కోసం తపసికి గాట్లు పెట్టారా అని కారణం రాయండి.

ఈ ఏడు అంకె పోయినేటి కన్నా తగ్గితే పిల్లలు టెన్షన్ పడి సరిచేసేస్తారు, అది మాత్రం కానివ్వొద్దు. బెరడు రాలి ఉండొచ్చు. రెండోసారి కొలిచి, పాత అంకె కొట్టేయకుండా, కొత్తది ఎర్ర పెన్నుతో పక్కన రాయించండి. కొలిచినవాళ్ల పేరు, తేదీ ఉండాలి. ప్రతి పేజీనీ ఆ సాయంత్రమే ఫోన్‌లో ఫొటో తీసి ఇంకొకరికి పంపండి.