వారాంతపు కొండ ప్రయాణం, పాఠం 3: మైళ్ళని గంటల్లోకి మార్చడం

ముందుగా కిందటి పాఠంలో ఇచ్చిన లెక్కకి జవాబు. థార్న్‌టన్ గ్యాప్ గేటు నుంచి బిగ్ మెడోస్‌కి కారులో ఎంతసేపు పడుతుందని అడిగాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని షెనండోవా నేషనల్ పార్కు పొడవునా సాగే కొండ రోడ్డు స్కైలైన్ డ్రైవ్. దాని ఉత్తరపు చివర నుంచి మైళ్ళు లెక్కపెడతారు. అలా చూస్తే థార్న్‌టన్ గ్యాప్ గేటు 31.5 మైలు దగ్గర ఉంది. బిగ్ మెడోస్ 51వ మైలు దగ్గర. మధ్య దూరం ఇరవై మైళ్ళకి కాస్త తక్కువ. స్కైలైన్ డ్రైవ్ మీద స్పీడ్ లిమిట్ గంటకి 35 మైళ్ళు కాబట్టి 35 నిమిషాల్లోపే చేరాలి. చాలామంది ఇదే రాసుకుంటారు. మీ ప్లాన్‌లో మాత్రం గంటంపావు వేసుకోండి.

ఎందుకంటే ఈ రోడ్డు ఎక్కడికో చేరడానికి వేసింది కాదు, ఆగి చూడటానికి వేసింది. 1931లో పని మొదలైంది. 105 మైళ్ళ పొడవునా దాదాపు 70 ఓవర్‌లుక్‌లు, అంటే కారు పక్కకి ఆపి దృశ్యం చూసే చోట్లు, కట్టారు. ఒక్కోచోట కారు ఆపి, అందరూ దిగి, ఫోటోలు తీసుకుని మళ్ళీ ఎక్కేసరికి పది నిమిషాలు తేలిగ్గా పోతాయి. ఇరవై మైళ్ళలో నాలుగు చోట్ల ఆగితే నలభై నిమిషాలు. రోడ్డుకి అడ్డంగా జింక నిలబడితే ముందున్న కార్లన్నీ ఆగుతాయి, వాటి వెనక మీరూ ఆగుతారు. అందుకే డ్రైవ్‌కి సూత్రం ఇలా పెట్టుకుందాం: మైళ్ళని 35తో భాగించి, ఆగాలనుకున్న ఒక్కో ఓవర్‌లుక్‌కి పది నిమిషాలు కలపాలి. ఎక్కడెక్కడ ఆగాలో ముందే ఎంచుకోవాలి. పడమటి వైపు ఓవర్‌లుక్‌ల నుంచి షెనండోవా లోయ కనిపిస్తుంది, వాటిని సాయంత్రానికి ఉంచుకోండి. తూర్పు వైపువి పొద్దున బాగుంటాయి.

ఇక ఈ పాఠం అసలు విషయం నడక.

ట్రయల్ (కొండ మీది నడకదారి) పేరు పక్కన "1.6 మైళ్ళు" అని కనిపించగానే, మన కాలనీలో రోజూ నడిచే దూరమే కదా అనిపిస్తుంది. కొండ మీద మైలు వేరు. ఈ పార్కు వాళ్ళు ట్రయల్ ఎంత కష్టమో చెప్పడానికి ఒక లెక్క వాడతారు. ఎక్కాల్సిన ఎత్తుని అడుగుల్లో తీసుకుని రెండుతో గుణించాలి. దాన్ని రానూపోనూ మైళ్ళతో గుణించాలి. వచ్చినదానికి వర్గమూలం తీయాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. యాభై లోపు వస్తే సులువు. 50 నుంచి 100 మధ్య మోస్తరు. 200 దాటితే చాలా కఠినం.

స్టోనీ మ్యాన్ తీసుకోండి. 41.7 మైలు దగ్గర స్కైలాండ్‌లో మొదలవుతుంది. రానూపోనూ 1.6 మైళ్ళు, ఎక్కేది 340 అడుగులు. 340ని 2తో, ఆపైన 1.6తో గుణిస్తే 1,088. వర్గమూలం 33. సులువే. అంత తక్కువ శ్రమకి పార్కులో రెండో ఎత్తైన శిఖరం మీద నిలబడతారు, 4,011 అడుగులు. కింద లోయ, లూరే ఊరు, అవతల మస్సనట్టన్ కొండ కనిపిస్తాయి. మొదటిసారి వచ్చినవాళ్ళని నేను ముందు ఇక్కడికే పంపిస్తాను.

ఇప్పుడు ఓల్డ్ ర్యాగ్ చూడండి. పూర్తి చుట్టు 9.4 మైళ్ళు, ఎక్కేది సుమారు 2,400 అడుగులు. లెక్క వేస్తే 212 వస్తుంది. పైభాగంలో బండరాళ్ళ సందుల్లోంచి చేతులు వాడి పైకి లాక్కుంటూ వెళ్ళాలి. దానికి ఏడెనిమిది గంటలు పెట్టుకోవాలి. పైగా దీని పార్కింగ్ స్కైలైన్ డ్రైవ్ మీద లేదు, పార్కు తూర్పు అంచున కింద ఉంది. మార్చి 1 నుంచి నవంబర్ 30 దాకా ప్రవేశ రుసుము కాకుండా విడిగా డే టికెట్ కూడా ముందే కొనుక్కోవాలి. కాబట్టి "శనివారం డ్రైవ్ చేస్తూ మధ్యలో ఓల్డ్ ర్యాగ్ కూడా" అని ఎవరైనా అంటే ఆ ప్లాన్ అక్కడే చింపేయండి. దానికి ఒక పూర్తి రోజు కావాలి.

ఈ అంకె మంచి మొదటి జల్లెడ. అయితే అది చెప్పనివి మూడున్నాయి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ఇబ్బంది పడేది సరిగ్గా వాటి దగ్గరే.

మొదటిది, ఎక్కుడు ఎప్పుడు వస్తుందన్నది. డార్క్ హాలో ఫాల్స్ 50.7 మైలు దగ్గర ఉంది. రానూపోనూ 1.4 మైళ్ళు, 440 అడుగులు. లెక్క 35 చూపిస్తుంది, దాదాపు స్టోనీ మ్యాన్ అంతే. కానీ స్టోనీ మ్యాన్‌లో ముందు ఎక్కి తర్వాత దిగుతారు. అలిసిపోతే మధ్యలో వెనక్కి తిరగొచ్చు, తిరుగుదారి అంతా దిగుడే. డార్క్ హాలోలో ముందు దిగుతారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతారు, పెద్దవాళ్ళు కూడా హుషారుగా దిగుతారు. డెబ్బై అడుగుల జలపాతం, చల్లటి గాలి, రాళ్ళ మీద నాచు. అంతా అయ్యాక ఆ 440 అడుగులూ ఎక్కాలి. అప్పటికి మధ్యాహ్నం అయిపోయి, కాళ్ళు అలిసి, సీసాలో నీళ్ళు అడుగంటి ఉంటాయి. ముందు దిగే ట్రయల్ ఏదైనా సరే, మీ కాగితం మీద పక్కన కింద వైపు బాణం గుర్తు వేసుకోండి. ఆ గుర్తు ఉన్న ట్రయల్ దగ్గర సగం నీళ్ళు తిరుగుదారికి దాచాలి, సగం సమయం కంటే ఎక్కువ కూడా దానికే ఇవ్వాలి.

రెండోది, ఎంత నిటారు అన్నది. హాక్స్‌బిల్ ఈ పార్కులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, నాలుగు వేల యాభై అడుగుల పైచిలుకు. దాని మీదికి రోడ్డు మీంచి రెండు దగ్గరి దారులున్నాయి. 45.5 మైలు దగ్గర హాక్స్‌బిల్ గ్యాప్ నుంచి అయితే రానూపోనూ 1.7 మైళ్ళు, 690 అడుగులు ఎక్కాలి. 46.7 మైలు దగ్గర అప్పర్ హాక్స్‌బిల్ పార్కింగ్ నుంచి అయితే 2.1 మైళ్ళు, 520 అడుగులు. పార్కు లెక్క వేస్తే మొదటిది 48, రెండోది 47. దాదాపు ఒకటే. ఇప్పుడు ఇంకో భాగహారం చేయండి. ఎక్కాల్సిన అడుగుల్ని ఒకవైపు మైళ్ళతో భాగించండి. మొదటి దారిలో 690ని 0.85తో భాగిస్తే మైలుకి 810 అడుగుల పైన. రెండో దారిలో 520ని 1.05తో భాగిస్తే 495. శిఖరం అదే, రాయి అదే, పైన కనిపించే దృశ్యం అదే. మోకాళ్ళకి మాత్రం రెండు దారులకీ ఎంతో తేడా. మైలుకి 500 అడుగుల లోపు ఉంటే అరవై దాటినవాళ్ళు ఆగుతూ ఆగుతూ వెళ్ళగలరని నా అంచనా. 600 దాటితే ముందు వాళ్ళని అడగాలి. 800 దగ్గర దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయి, చేతికర్ర తప్పనిసరి.

మూడోది కాలి కింద ఏముందన్నది. దీన్ని ఏ అంకే చెప్పదు, ట్రయల్ గురించి పార్కు రాసిన నాలుగు వాక్యాలు చదవాల్సిందే. "రాక్ స్క్రాంబుల్" అన్న మాట కనిపిస్తే చేతులు వాడాలని అర్థం. 56.4 మైలు దగ్గర బేర్‌ఫెన్స్ కేవలం మైలు పైచిలుకు నడక, కానీ బండల మీద పాకాలి. పన్నెండేళ్ళ పిల్లలకి పండగ, చీర కట్టుకున్న అమ్మమ్మకి కుదరదు. దీనికి పూర్తిగా వేరు 43వ మైలు దగ్గరున్న లింబర్‌లాస్ట్. 1.3 మైళ్ళ చుట్టు, సన్నటి రాతి పొడి పరిచిన చదునైన దారి, వీల్‌చైర్ కూడా వెళ్తుంది, మధ్యలో బెంచీలుంటాయి.

వేసవిలో మన ఊళ్ళ నుంచి అమెరికా వచ్చే తల్లిదండ్రులు చాలామంది "మేం అలిపిరి మెట్లన్నీ ఎక్కాం, మాకేం భయం లేదు" అంటారు. వాళ్ళ మాట కొట్టిపారేయకండి. 3,550 మెట్లు ఎక్కిన గుండెకి, కాళ్ళకి ఓపిక ఉందనే అర్థం. అయితే అక్కడ మెట్టు మెట్టుకీ మధ్య చదును ఉంటుంది, తలమీద కప్పు ఉంటుంది, దారిలో నీళ్ళు దొరుకుతాయి, దిగడానికి బస్సుంటుంది. ఇక్కడ చెట్ల వేళ్ళు, రాళ్ళు తేలిన మట్టిదారి. నీళ్ళు మనమే మోయాలి. ఎక్కిన ప్రతి అడుగూ మనమే దిగాలి. చెప్పులు వద్దని, బూట్లు వేసుకోమని అందుకే బతిమాలాలి. కొత్త బూట్లయితే వారం ముందే ఇంటి చుట్టూ వేసుకుని తిరగమనండి.

ఇప్పుడు లెక్కల్ని రోజులోకి దించుదాం. వర్జీనియాలోనే ఆష్‌బర్న్‌లో ఉండే ఒక కుటుంబం అనుకోండి. భార్యాభర్తలు, ఆరేళ్ళు, పన్నెండేళ్ళు ఉన్న ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అక్టోబర్ మధ్యలో శని, ఆదివారాలు. రాత్రి బస లూరేలో.

సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టండి. అక్టోబర్ మధ్యలో ఇక్కడ సూర్యాస్తమయం సుమారు ఆరున్నరకి. అడవిలో అంతకుముందే చీకటి పడుతుంది. కాబట్టి అయిదున్నరకల్లా అందరూ కారు దగ్గరుండాలి. జూన్‌లో అయితే ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది, రెండు గంటలు అదనం. నవంబర్ మొదట్లో గడియారాలు వెనక్కి తిప్పాక అయిదింటికే పొద్దుగూకుతుంది. అందుకే ఒకరి అక్టోబర్ ప్లాన్ ఇంకొకరికి నవంబర్‌లో పనికిరాదు.

శనివారం తొమ్మిదికల్లా థార్న్‌టన్ గ్యాప్ గేటు దాటాలి. ఆకులు రంగు మారే రోజుల్లో ఉత్తరాన ఉన్న రెండు గేట్ల దగ్గరా కార్లు బారులు తీరతాయి. పాస్ ముందే ఆన్‌లైన్‌లో కొనేసి ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కొండ మీద సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. గేటు దాటి దక్షిణంగా తిరగగానే మేరీస్ రాక్ సొరంగం వస్తుంది, పిల్లలకి అది ముందే చెప్పి ఉంచండి. పది మైళ్ళు, రెండు ఓవర్‌లుక్‌లు, స్కైలాండ్ చేరేసరికి పదవుతుంది. స్టోనీ మ్యాన్ అందరూ కలిసి. సులువైన దారికి కూడా పార్కు వేసే సగటు గంటకి ఒకటిన్నర మైళ్ళే. అంటే నడక గంటకి పైన, పైన కూర్చోడానికి అరగంట, అమ్మానాన్నలు ఆగే చోట్లకి ఇంకో అరగంట. పన్నెండున్నరకి మళ్ళీ కారు దగ్గర.

భోజనం బిగ్ మెడోస్ పిక్నిక్ స్థలంలో. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే తెచ్చుకుంటే వరుసలో నిలబడే పని ఉండదు. తిన్నాక అరటితొక్కతో సహా అన్నీ ఎలుగుబంట్లు తెరవలేని మూత ఉన్న చెత్తడబ్బాలోనే వేయాలి.

మధ్యాహ్నం ఇక్కడే రెండు జట్లుగా విడిపోండి. కుటుంబ ప్రయాణంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది ఈ విడిపోయే చోటునే. నడవనివాళ్ళు కారులో కూర్చుని ఎదురుచూసేలా చేయకూడదు. వాళ్ళకి బాత్రూమ్, కూర్చునే చోటు, చూడటానికి ఏదో ఒకటి ఉన్న చోటే జట్టు విడిపోవాలి. బిగ్ మెడోస్‌లో ఇవన్నీ ఉన్నాయి. తండ్రి, పెద్దపిల్లాడు డార్క్ హాలోకి వెళ్తే, తాతయ్య, నానమ్మ, చిన్నపాప, తల్లి ఎదురుగా ఉన్న పచ్చికమైదానంలో నడవొచ్చు, బర్డ్ విజిటర్ సెంటర్ చూడొచ్చు. ఈ పార్కు కోసం కొండల మీద తరతరాలుగా ఉన్న కుటుంబాల్ని ఖాళీ చేయించిన కథ అక్కడ ప్రదర్శనలో ఉంది. శ్రీశైలం, సాగర్ ముంపు ఊళ్ళ సంగతి తెలిసిన మన పెద్దవాళ్ళు ఆ గోడల ముందు చాలాసేపు నిలబడతారు. ఆ సమయం కూడా ప్లాన్‌లో ఉండాలి.

ఆదివారం పొద్దున్నే, పార్కింగ్ నిండకముందు, అప్పర్ హాక్స్‌బిల్. పైన రాతి గోడ కట్టిన చదును ఉంది, అక్కడి నుంచి తూర్పున ఓల్డ్ ర్యాగ్ కనిపిస్తుంది. మోకాళ్ళు మొరాయించిన పెద్దవాళ్ళని నాలుగు మైళ్ళ ముందే లింబర్‌లాస్ట్ దగ్గర ఒకరి తోడుతో దింపొచ్చు. తర్వాత ఓపిక ఉంటే బేర్‌ఫెన్స్. మధ్యాహ్నం రెండు గంటలకి స్విఫ్ట్ రన్ గ్యాప్ గేటు దాటి 33వ నంబర్ రోడ్డు మీదుగా 29కి చేరి ఉత్తరానికి తిరిగితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు.

కాగితం కింద ఒక గీత గీసి, ఆలస్యమైతే ఏది వదిలేయాలో వరుసగా రాయండి. ఈ కుటుంబానికి మొదట పోయేది బేర్‌ఫెన్స్, తర్వాత డార్క్ హాలో. స్టోనీ మ్యాన్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు, అందరూ కలిసి నడిచేది అదొక్కటే. ఈ వరుస ఇంట్లో, కడుపునిండా తిని కూర్చున్నప్పుడే తేల్చుకోవాలి. కొండ మీద నాలుగింటికి తేల్చాలంటే టెన్షన్, మాటామాటా పెరగడం తప్ప ఏం ఉండదు.

అభ్యాసం: మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషితో ఈ వారం దగ్గరి పార్కులో ఒక మైలు నడవండి. సమయం రాసుకోండి. ఆ వేగంతో స్టోనీ మ్యాన్, అప్పర్ హాక్స్‌బిల్ రెండింటికీ గంటలు లెక్కకట్టి, ఎక్కుడుకి మీకు సరిపోతుందనిపించినంత కలపండి. పైన ఇచ్చిన శనివారాన్ని ఆ గంటలతో మళ్ళీ రాయండి. అయిదున్నర దాటిపోతే, గీత కింద ఉన్నవాటిలో ఒకటి కొట్టేయండి. తర్వాతి పాఠంలో ఆ కాగితం పట్టుకుని సంచీ సర్దుదాం: మనిషికి ఎన్ని నీళ్ళు, ఎలుగుబంటి కనిపిస్తే ఏం చేయాలి, వాన పడితే ఎక్కడికి పోవాలి.