ఆవకాయ నూనె: లీటర్లను కిలోల్లోకి మార్చడం ఎలా?

ఎండాకాలం వస్తే విజయవాడలో ఏటా ఇదే తంతు. కారం, ఆవపిండి, ఉప్పు గ్రాము తేడా రాకుండా తూస్తారు. పప్పునూనె (నువ్వుల నూనె) దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు కిలోలు కావాలంటే రెండు లీటరు ప్యాకెట్లు కత్తిరించి పోసేస్తారు. ఊట దిగాక నూనె ముక్క మీదికి రాదు, పైన బూజు పడుతుంది. తిట్లు మామిడికాయలు అమ్మినవాడికి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. లీటరు నూనె తూగదు.

గ్రాముల దాకా చూపే కాటా, సన్న మూతి స్టీలు చెంబు ఉంటే చాలు. గీతలున్న ప్లాస్టిక్ కప్పులు వద్దు, ఆ గీతలు ఎవరు గీశారో దేవుడికే తెలియాలి.

పప్పునూనె అయినా, వేరుశనగ నూనె అయినా లీటరు 910 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. లీటర్లను కిలోలు చేయాలంటే 0.91తో గుణించండి, కిలోలను లీటర్లు చేయాలంటే 0.91తో భాగించండి. రెండు కిలోలకు దాదాపు 2.2 లీటర్లు. నూనెకు లీటర్ల అంకే ఎప్పుడూ పెద్దది. చిన్నదిగా వస్తే లెక్క తిరగబడినట్టే.

అసలు చిక్కు అమ్మమ్మల నాటి సోల, గిద్ద కొలతలతో. ఒక ఇంటి సోల మరో ఇంటి సోలతో సరిపోదు, కాబట్టి మీ పాత్రనే తూచాలి. పొడి పాత్రను కాటా మీద పెట్టి సున్నా చేయండి. నీళ్లు నింపి చూడండి: ఎన్ని గ్రాములో ఇంచుమించు అన్ని మిల్లీలీటర్ల పాత్ర అది. తర్వాత అదే మట్టానికి నూనె పోసి తూచండి. నూనె బరువును నీళ్ల బరువుతో భాగిస్తే ఆ నూనె గుణకం, అంటే 0.91 స్థానంలో వాడాల్సిన అంకె వస్తుంది.

తప్పులన్నీ ఇక్కడే. అంచుదాకా నింపితే నీళ్లు పైకి ఉబ్బి నిలుస్తాయి, అందుకే అంచుకు కాస్త కింద లోపల మేకుతో గీత గీసి, కన్ను ఆ గీతకు సమంగా ఉంచి చూడండి. నీళ్లు పారబోశాక పాత్రను తుడిచి ఎండబెట్టండి. చుక్క తడి మిగిలినా లెక్క సరే, పచ్చడే పోతుంది. నూనెను వేరే గిన్నెలోకి వంచి తూచవద్దు, గోడలకు అంటుకున్నది లెక్కలోకి రాదు. గానుగ నుంచి అప్పుడే తెచ్చిన నూనె అయితే నురగ అణిగి, చల్లారేదాకా ఆగండి.

వేడికి నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర సుమారు 893 గ్రాములే. ప్యాకెట్ మీద ఎక్కువ ఉష్ణోగ్రత వేసుకున్నవారికి ఆ మేరకు నూనె మిగిలేది. అందుకే 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, పరిమాణంతో పాటు బరువు కూడా ముద్రించమని కంపెనీలకు చెప్పింది. ఎండ ఎంత కాసినా కిలో కిలోయే. నూనె కొనేది తూకంతోనే కొనాలి, ఇందులో రెండో మాట లేదు.

ధరలు పోల్చేటప్పుడూ ఇదే గుణకం. దుకాణంలో లీటరు 400 రూపాయలంటే కిలో 440 పడినట్టు. గానుగలో అదే నూనె కిలో 430 అంటే ఖరీదని వెనక్కి రావద్దు, కొనేయండి. పోయించుకునే ముందు మాత్రం ఖాళీ డబ్బా బరువు తీయించండి.